ఇరవై మూరలకొక చుక్క

పోయిన నెల తిరుపతిలో కళ్ల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. కొన్నాళ్లుగా రెండు కళ్లలోనూ ఇసుక పోసినట్టు ఒకటే గరగర. పొద్దున లేచేసరికి రెప్పలు అంటుకుపోతున్నాయి. నాలుగు పేజీలు చదివితే మంట, ఫ్యాను గాలి తగిలితే మంట. అంత మంటలోనూ కంట్లో తడి మాత్రం ఊరదు. డాక్టరమ్మ మా కోడలి ఈడు పిల్ల. గడ్డం ఆనించమని చెప్పి, దీపం వేసి, ఆ పరికరంలోంచి చూసింది. కుడికన్ను తొందరగానే అయిపోయింది. ఎడమకంటి దగ్గర చాలాసేపు ఆగింది. "చిన్నప్పుడు ఈ కంటికి ఏమైనా అయిందామ్మా?" అని అడిగింది. అయిందన్నాను. "నల్లగుడ్డు కింది అంచులో చిన్న మచ్చ ఉంది. పుండు పడి మానినట్టుంది. ఇంకొంచెం పైకి పాకి ఉంటే చూపు పోయేది. అప్పుడెవరో మిమ్మల్ని బాగా చూసుకున్నారు" అంది. ఆ మాట చాలా మామూలుగా అని, రోజుకు నాలుగుసార్లు వేసుకోమని చుక్కల మందు రాసి, తర్వాతివాళ్లను పిలిచింది. నేను బయటికి వచ్చి, మందుల షాపుకు పోకుండా, వరండాలో బల్ల మీద చాలాసేపు కూర్చుండిపోయాను.

నన్ను చూసుకున్నామె పేరు వళ్లెమ్మ. మా నాయన రెండో భార్య.

మాది తిరుచానూరు. అమ్మవారి గుడికి పోయే దోవలో నాయనకు పూల అంగడి ఉండేది. అంగడి అంటే పెద్దదేమీ కాదు, ఒక చెక్కబల్ల, పైన తాటాకు పందిరి, నాలుగు వెదురు గంపలు. అసలు అంగడి మా ఇల్లే. తెల్లారేసరికి నాయన బస్సుల దగ్గరికి పోయి పూల మూటలు భుజాన వేసుకుని వచ్చేవాడు. మల్లెలు, కనకాంబరాలు, సంపంగులు, మరువం, దవనం. నట్టింట్లో తడి గోనె పరిచి వాటిని కుమ్మరిస్తే, పూల వాసనా తడి గోనె వాసనా కలిసి ఇల్లంతా నిండేది. ఈరోజుకీ నాకు మల్లెపూల వాసన అంటే తడి గోనె వాసనతో కలిసిందే గుర్తొస్తుంది, ఒట్టి మల్లెవాసనలో ఏదో తక్కువైనట్టుంటుంది. అవ్వ, అంటే నాయన తల్లి, గడప దగ్గర కూర్చుని నానేసిన అరటినారను గోటితో సన్నగా చీల్చేది. చీల్చినంతసేపూ ఎవరినో ఒకరిని తిడుతూ ఉండేది. కోపంతో కాదు, చేతికి తోడుగా నోరు ఆడాలి కాబట్టి.

నన్ను కన్న తల్లి నా ఆరో ఏట జ్వరంతో పోయింది. రెండేళ్లకు నాయన తిరుత్తణి పక్కనుంచి వళ్లెమ్మను చేసుకుని వచ్చాడు. ఆమెకప్పుడు ఇరవై ఏళ్లు దాటి ఉండవు. వాళ్ల ఇంట్లో తెలుగే గానీ సగం మాటలు అరవంలో దొర్లేవి. పూలు కట్టడంలో మాత్రం ఆమెకు సాటి లేదు. చూపు ఎక్కడో ఉండేది, వేళ్లు వాటి పని అవి చేసుకుపోయేవి. నేను ఆమెను ఏమనీ పిలిచేదాన్ని కాదు. పిన్నమ్మా అని పిలవమని నాయన చెప్పాడు, అవ్వ చెప్పింది. నాకు నోరు రాలేదు. ఏదైనా కావాలంటే ఎదురుగా పోయి నిలబడేదాన్ని. ఆమె తలెత్తి చూసి, ఏం కావాలో తనే కనుక్కునేది. అలా రెండేళ్లు గడిచాయి. తమ్ముడు గోవిందు పుట్టాడు.

వాడికి మూడు నెలలు నిండిన రోజుల్లో, ఒక పొద్దున నేను పళ్లు తోముకుని నోట్లో నీళ్లు పోసుకుంటే ఎడమపక్క నుంచి కారిపోయాయి. మళ్లీ పోసుకున్నాను, మళ్లీ కారిపోయాయి. నవ్వొచ్చి నవ్వాను. గడప దగ్గరున్న అవ్వ నా ముఖం చూసి చేతిలోని నార పారేసి, "ఓరి నాయనో, బిడ్డకు గాలి కొట్టిందిరా!" అని కేక పెట్టింది. నోరు కుడిపక్కకు లాగేసి ఉంది. ఎడమ బుగ్గ జారిపోయి ఉంది. అన్నిటికంటే భయపెట్టింది కన్ను. ఎంత గట్టిగా మూసినా ఎడమరెప్ప దిగలేదు. నల్లగుడ్డు పైకి తిరిగి, తెల్లగుడ్డు కనిపిస్తూ, సగం తెరిచిన తలుపులా కన్ను అలాగే ఉండిపోయింది. ఆ పూటే నాయనా వళ్లెమ్మా నన్ను తిరుపతిలో ఆస్పత్రికి తీసుకుపోయారు. గోవిందును ఆమె కొంగులో కట్టుకుని వచ్చింది.

అక్కడి డాక్టరు పెద్దాయన. అన్నీ చూసి, ముఖం దానంతట అదే వస్తుంది, నెల పట్టొచ్చు, మూడు నెలలు పట్టొచ్చు, దానికేమీ భయపడొద్దన్నాడు. "నాకు భయమంతా ఈ కంటి గురించే. మీరేం పని చేస్తారు?" అని అడిగాడు. పూలమ్ముతామని నాయన చెప్పాడు. "గంపలో పూల మీద నీళ్లు చల్లకుంటే ఏమవుతాయి?"

"వాడిపోతాయి సార్" అంది వళ్లెమ్మ.

"కన్నూ అంతే. మనం రెప్ప వేసినప్పుడల్లా కంటి మీద నీళ్లు చల్లినట్టు. ఈ పాపకు రెప్ప పడటం లేదు. ఎండిపోతే పుండవుతుంది, పుండయితే చూపు పోతుంది. మెలకువగా ఉన్నంతసేపూ గంటకొకసారి ఈ చుక్కలు వెయ్యాలి. పడుకునే ముందు ఈ ఆయింట్‌మెంటు రాసి, రెప్ప మూసి పట్టీ అంటించాలి. పొయ్యి దగ్గర కూర్చోనివ్వొద్దు, పొగ తగలనివ్వొద్దు."

వళ్లెమ్మ కాస్త సంకోచిస్తూ, "సార్, మా పక్క కండ్లు మండితే సనుబాలు పిండుతారు. నాకు బిడ్డ ఉండాడు. పొయ్యచ్చునా?" అని అడిగింది. ఆయన నవ్వలేదు, విసుక్కోలేదు. "వద్దమ్మా. పాలు బిడ్డ కడుపుకు మంచివి, ఈ కంటికి కావు. మూసిన రెప్ప మీద తడిగుడ్డ వేస్తావా, పూలే పెడతావా, నీ ఇష్టం. లోపలికి మాత్రం నేనిచ్చింది తప్ప ఏదీ పోకూడదు" అన్నాడు. ఆ మాటను ఆమె బస్సులో ఇంటికి వచ్చేదాకా పెదాలతో వల్లె వేసుకోవడం నేను చూశాను.

ఇంటికి వచ్చాక అసలు గొడవ మొదలైంది. అవ్వ మాకోసం గడపలో కాచుకుని ఉంది. డాక్టరు చెప్పింది విని మూతి విరిచింది. "ఇంట్లో బాలింత ఉండంగా సీసా మందేందే? రెండు సుక్కలు పాలు పిండితే సల్లగా ఉంటాది గదా. మా కాలంలో ఎంతమంది కండ్లు బాగు కాలేదు!" అంది. వళ్లెమ్మ తల వంచుకుని, "డాక్టరు వద్దన్నాడత్తా" అంది. "ఆయన మగోడు, ఆయనకేం తెలుసు?" "వద్దని సెప్పినాడత్తా. నేను పొయ్యను." అవ్వకు ఎదురు చెప్పడం ఆ ఇంట్లో అదే మొదటిసారి. అవ్వ పక్కింటివాళ్లకు కూడా వినిపించేటట్టు, "సవితి బిడ్డకు సుక్క పాలు ఇచ్చేదానికి సెయ్యి రాలేదు సూడు" అంది. ఆ మాట రెండు రోజుల్లో వీధంతా పాకింది. పూలు కొనడానికి వచ్చిన ఆడవాళ్లు నన్నూ ఆమెనూ మార్చి మార్చి చూసి పోయేవారు. ఆమె పాలు పోస్తానంటే నేనే ఒప్పుకునేదాన్ని కాదు, చేతులు విదిలించి పారిపోయేదాన్ని. అయినా అవ్వ మాటే నిజమని నేనూ నమ్మాను. పదేళ్ల పిల్ల మనసుకు ఆ రెండూ ఒకేసారి సాధ్యమే.

ఇంట్లో గడియారం లేదు. గంట ఎలా తెలుస్తుంది? ఆమె దానికి తన లెక్క తను పెట్టుకుంది. ఇరవై మూరలు కడితే ఇంచుమించు గంట. ఇరవయ్యో మూర ముడి పడగానే దండ పక్కన పెట్టి, పెరట్లోకి పోయి, వేళ్ల సందుల్లో కనకాంబరం రంగు, మరువం వాసన పోయేదాకా సబ్బు పెట్టి చేతులు కడుక్కుని వచ్చేది. నా తల ఒళ్లో పెట్టుకుని, కిందిరెప్పను బొటనవేలితో కొంచెం లాగి, రబ్బరు బుడ్డి ఉన్న గాజుగొట్టంతో ఒకే ఒక్క చుక్క వేసేది. గొట్టం రెప్పకు తగలకూడదు. చుక్క చల్లగా పడేది. పడిన క్షణంలో మంట ఎవరో చేత్తో తీసేసినట్టు పోయేది, పావుగంటకు మళ్లీ మొదలయ్యేది. ఆ పావుగంట కోసం నేను ఎదురుచూసేదాన్ని. కానీ ఎదురుచూస్తున్నట్టు ఆమెకు తెలియనిచ్చేదాన్ని కాదు. మధ్యాహ్నం పట్టీ అంటించి పడుకోబెట్టి, కాచి చల్లార్చిన నీళ్లలో ముంచిన గుడ్డ రెప్ప మీద వేసేది. ఆ గుడ్డ మీద నాలుగు నందివర్ధనం పూలు పెట్టేది. వాటివల్ల కన్ను బాగయిందని నేననను గానీ, ఆ చల్లదనంలో నిద్ర మాత్రం బాగా పట్టేది.

బడికి కూడా వచ్చేది. ఇంటర్వెల్ గంట కొట్టేసరికి గోవిందును చంకలో వేసుకుని, సీసాను తడిగుడ్డలో చుట్టి బొడ్లో దోపుకుని, గేటు దగ్గర నిలబడి ఉండేది. పిల్లలు నన్ను "ఒంటికన్ను మంగా" అని పిలవడం అప్పటికే మొదలుపెట్టారు. ఆమె రావడంతో ఇంకా ఎగతాళి. ఒకరోజు ఆమెను చూసి నేను బడి వెనక దాక్కున్నాను. ఆమె వెతికి పట్టుకుని, అక్కడే మట్టిలో కూర్చుని నా తల ఒళ్లోకి తీసుకుంది. "ఎందుకొస్తావు నువ్వు? అందరూ నవ్వుతా ఉండారు" అని ఏడ్చాను. వంకర నోటితో మాటలు కూడా సరిగా రాలేదు. "నవ్వుకోనీ పాపా. వాళ్ల నవ్వు వాళ్లది, నీ కన్ను నీది. పైకి సూడు" అంది.

నెల దాటింది. ముఖంలో మార్పు లేదు. అవ్వకు దిగులు పట్టుకుంది. ఆమెను నేనిప్పుడు తప్పుపట్టను. కోడలు పోయాక నన్ను గుండెల మీద పెట్టి పెంచిన మనిషి, ఆ వంకర ముఖం చూసి చూసి ఒక్క ముద్ద సరిగా తినేది కాదు. వళ్లెమ్మా నాయనా ఇద్దరూ అంగడిలో ఉన్న ఒక శుక్రవారం, బడి లేని పూట, నన్ను దగ్గరికి పిలిచి, "మంగా, ఏటికి ఆ పక్క పల్లెలో పసరు పోసే ఆయన ఉండాడంట. మూడు పొద్దుల్లో నయమైపోతాదంట. పోదాం రా నా తల్లీ" అంది. నేను ఎగిరి లేచాను. మూడు రోజులైతే ఇక వళ్లెమ్మ బడికి రాదు, ఒళ్లో తల పెట్టుకోదు అనుకున్నాను. అవ్వ చెయ్యి పట్టుకుని స్వర్ణముఖి ఇసుక దాటి పోయాను. ఆయన మంచివాడిలాగే ఉన్నాడు. డబ్బు కూడా వద్దన్నాడు. ఏవో ఆకులు అరచేతిలో నలిపి, తెరుచుకుని ఉన్న నా కంట్లో పిండాడు.

ఆ మంట ఎలా ఉంటుందో ఇన్నేళ్లు తెలుగు పాఠాలు చెప్పిన నాకు ఈరోజుకీ మాట దొరకలేదు. ఏటి ఇసుకలో దొర్లాను. అవ్వ నన్ను ఎత్తుకుని, ఆయాసపడుతూ, "అయిపోతాదిలే, అయిపోతాదిలే" అంటూ ఇంటికి తెచ్చింది. వళ్లెమ్మ అప్పుడే అంగడి నుంచి వచ్చి బిడ్డకు పాలిస్తోంది. నా కన్ను చూసింది. ఎవరు, ఎందుకు అని అడగలేదు. "ఏం పోసినారు?" అని మాత్రం అడిగింది. అవ్వ చెప్పింది. వళ్లెమ్మ గోవిందును నేల మీద పడుకోబెట్టి, నన్ను ఒళ్లోకి లాక్కుని, కాచి చల్లార్చిన నీళ్ల చెంబు తెచ్చి కంటి మీద ధారగా పోసింది. ఒక చెంబు, రెండు, ఐదు. పక్కన బిడ్డ ఏడుస్తూనే ఉన్నాడు. ఆమె చీరంతా తడిసిపోయింది. ఆ తడి చీరతోనే నన్ను ఎత్తుకుని బస్సెక్కింది. అవ్వ గోవిందును ఎత్తుకుని వెనకాలే వచ్చింది.

డాక్టరుకు ఒక్క చూపుతోనే అర్థమైంది. అంతవరకూ నెమ్మదిగా మాట్లాడిన ఆయన గొంతు ఆస్పత్రంతా వినిపించింది. "ఏం చెప్పాను నీకు? లోపల ఏదీ పొయ్యొద్దని చెప్పలేదా? ఎవరు పోసింది దీన్ని?" వాకిట్లో బిడ్డతో నిలబడి ఉన్న అవ్వ కట్టెలా బిగుసుకుపోయింది. నేను వళ్లెమ్మ వైపు చూశాను. ఆమె, "నేనే సార్" అంది. ఆయన ఇంకా తిట్టాడు. సొంత బిడ్డకైతే పోస్తావా అని కూడా అన్నాడు. నేను నోరు తెరిచి ఒక్కమాట చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. భయం వల్ల అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. భయం నిజమే. దాని అడుగున, ఆమెకు తిట్లు పడుతున్నందుకు కాస్త సంతోషం కూడా ఉండింది. ఈ మాట రాయడానికి నాకు ఇంతకాలం పట్టింది.

బస్సులో అవ్వ ముందు సీట్లో కూర్చుంది. కట్టు కట్టిన కంటితో నేను వళ్లెమ్మ పక్కన. ఉండబట్టలేక, "నువ్వు పొయ్యలేదు గదా, ఎందుకు నేనే అన్నావు?" అని అడిగాను. ఆమె కిటికీలోంచి చూస్తూ, "ఎవురని తేలేదాకా ఆయన అరస్తానే ఉంటాడు పాపా. తిట్టడం అయిపోతే గదా మందు రాసేది. బిరీన అయిపోవాలనే సెప్పినా" అంది.

కంట్లో పుండు పడింది. పసరు పోసింది వళ్లెమ్మేనని నాయన విని, ఆమెను ఏమీ అనలేదు గానీ ఆమె వడ్డిస్తే కంచం ముందు నుంచి లేచిపోయాడు. ఆమె అక్కడా నోరు విప్పలేదు. నేనూ విప్పలేదు. రెండోరోజు మధ్యాహ్నం నాయన కాళ్లు కడుక్కుంటుంటే అవ్వ వెళ్లి ఎదురుగా నిలబడింది. "ఒరే, పసరు పోయించింది నేనురా. ఆ పిల్ల కాదు. కోపముంటే నా మీద సూపించు, దాని సేతి కూడు ఎందుకు మానుకుంటావు?" అంది. నాయన చెంబు కింద పెట్టాడు. తర్వాత లోపలికి వచ్చి, పీట వాల్చుకుని, "వళ్లెమ్మా, అన్నం పెట్టు" అన్నాడు. అవ్వ మాత్రం అంతటితో ఆగలేదు. వళ్లెమ్మ చంకలోంచి గోవిందును తీసుకుని, "వీడు నాకాడ ఉంటాడు. నీ సేతులు ఖాళీగా ఉండాల" అంది. ఆనాటినుంచి మూరలు లెక్కబెట్టడం అవ్వ పని అయింది. వళ్లెమ్మ కడుతుంటే, బిడ్డను ఒళ్లో ఊపుతూ, నార చీల్చడం కూడా మానేసి, "పద్దెనిమిది... పంతొమ్మిది... లెయ్, సేతులు కడుక్కోని రా పో" అనేది. ఒకరోజు అవ్వ కునుకు తీసింది, వళ్లెమ్మ ఏదో ఆలోచనలో ఉంది. "పిన్నమ్మా, ఇరవై అయినాయి" అన్నాను. ఆమె గబగబా లేచి పెరట్లోకి పోయింది. మొదటిసారి అలా పిలిచానని నాకే తర్వాత తట్టింది. ఆమె గమనించిందో లేదో తెలియదు.

పుండు మానడానికి మూడు వారాలు పట్టింది. ముఖం తిరిగి రావడానికి ఇంకా పట్టింది. చుక్క వెయ్యబోతూ ఒకనాడు ఆమె చెయ్యి ఆపి, "మళ్లా ఒకసారి మూయి" అంది. మూశాను. "రెప్ప కదిలిందత్తా! సూడు, కదిలింది!" అని గట్టిగా అరిచింది. ఆమె గొంతు అంత పెద్దదని అంతవరకూ నాకు తెలియదు. అవ్వ వచ్చి నా ముఖం మీదికి వంగింది. ఇద్దరూ చాలాసేపు, ఏదో మొగ్గ విచ్చుకోవడం చూస్తున్నట్టు, నా రెప్పనే చూస్తూ కూర్చున్నారు.

ఇప్పుడు మందుల షాపులో చుక్కల మందులే ఒక అర నిండా ఉన్నాయి. తడి కోసం వేరే, మంట కోసం వేరే, ఎరుపు కోసం వేరే. నాతోపాటు వరసలో నిలబడ్డవాళ్లలో సగంమంది ఇరవై ముప్పై ఏళ్లవాళ్లు. రెప్ప వెయ్యకుండా ఫోన్లు చూసీ చూసీ కళ్లు ఎండబెట్టుకున్నవాళ్లు. ఆనాటి వైద్యం గొప్పదని నేననను. నా కన్ను పోబోయింది ఆనాటి పసరు వల్లనే, నిలిచింది డాక్టరు సీసావల్లనే. ఈనాటి మందు మంచిదే. నాకు ఫోను మోగి గుర్తు చేస్తుంది, నేను గోడకు ఆనుకుని తల వెనక్కి వాల్చి వేసుకుంటాను. చెయ్యి వణికి రెండు చుక్కల్లో ఒకటి చెంప మీదికి పోతుంది. తుడుచుకుని ఇంకొకటి వేసుకుంటాను. అరనిమిషం పని. ఒక మనిషి పని ఆపి, చేతులు కడుక్కుని, ఇంకో మనిషి తల ఒళ్లోకి తీసుకోవలసిన అవసరం లేదు. అది సుఖమే. సుఖమే అయినా, ఆ అరనిమిషం నాకు కొంచెం ఒంటరిగా ఉంటుంది.

ఆరోజు ఆస్పత్రి బల్ల మీదినుంచి లేచి ఇంటికి పోకుండా తిరుచానూరు బస్సెక్కాను. నాయనా అవ్వా పోయి చాలా ఏళ్లయింది. అంగడి ఇప్పుడు గోవిందుది. పిన్నమ్మ వాడి ఇంటి ముందు అరుగు మీద చాప వేసుకుని, మొగ్గలు వేరు, విచ్చినవి వేరు ఏరుతోంది. వేళ్లు వంకర్లు పోయాయి, పూలు కట్టలేదు, ఏరకుండా ఉండలేదు. పక్కన కూర్చుని డాక్టరమ్మ చెప్పిన మాట చెప్పాను. "అట్లనా, మంచి డాక్టరమ్మే" అంది, మొగ్గలు ఏరుతూనే. నేను ఇన్నేళ్లూ లోపల దాచుకున్నది అప్పుడు బయటికి వచ్చింది. "పిన్నమ్మా, ఆ పొద్దు డాక్టరు నిన్ను అన్ని మాటలంటా ఉంటే నేను పక్కనే ఉండి నోరు తెరవలేదు. నువ్వు కాదని ఒక్కమాట సెప్పలేదు. నాయన దగ్గర కూడా సెప్పలేదు."

పిన్నమ్మ చేతిలోని పూలు గంపలో వేసింది. నా ముఖంలోకి, ముఖ్యంగా మూతి వైపు, కాసేపు పరీక్షగా చూసింది.

"యాడ తెరుస్తావు పాపా," అంది, "అప్పుడు నోరు వంకర పోయి ఉండె గదా నీకు!"

అని చెప్పి, తన మాటకు తనే పకపకా నవ్వింది. నవ్వీ నవ్వీ పొలమారితే నేను వీపు నిమిరాను. నిమురుతూ నేనూ నవ్వాను.